ఈ పిల్ల ఏ ఏటిది?

(డాక్టర్ హీరాలాల్ చౌధురి స్మృతిలో చేసిన ఉపన్యాసం)

వెనక గోడవార నిలబడి ఉన్న ఫిషరీస్ విద్యార్థులారా, ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. నేను చెప్పబోయేది ఎక్కువగా మీకే.

ఇవాళ మనం తలచుకుంటున్న హీరాలాల్ చౌధురి గారు తెలుగువారు కారు. 1921లో సిల్హెట్ ప్రాంతంలో పుట్టారు, 2014లో తొంభై రెండేళ్ల వయసులో కన్నుమూశారు. కానీ ఈ కొల్లేటి చుట్టుపక్కల ఆయనకు రుణపడని చెరువు లేదు. బొచ్చె, శీలావతి, మోసు చెరువులో బాగా పెరుగుతాయి గాని చెరువులో గుడ్డు పెట్టవు. వాటికి వరద కావాలి, పారే నీళ్లు కావాలి. అందుకని పిల్ల కావాలంటే వానాకాలంలో నదిలో సన్నవలలు కట్టి పట్టుకోవడమే దారిగా ఉండేది. ఆ పట్టులో శీలావతి పిల్ల ఎంతో, దాన్ని మింగే వాలుగ పిల్ల ఎంతో పెరిగితే గాని తెలిసేది కాదు. చౌధురి గారు చేపల తలలు విప్పించి, మెదడు అడుగున ఉండే పీయూష గ్రంథిని తీసి, దాని రసాన్ని తల్లి చేపలకు ఎక్కించారు. 1957 జూలై 10న ఒడిశాలోని అంగుల్‌లో, శాస్త్రవేత్త అలికుణ్హి గారి తోడ్పాటుతో, కార్పు చేపల చేత గుడ్డు పెట్టించారు. ఆ తేదీనే మనం జాతీయ మత్స్య రైతు దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఇవాళ మీరు ఓవాప్రిమ్ హార్మోన్ మందు సీసా తీసి రెక్క మొదట్లో సూది గుచ్చుతున్నారంటే, ఆ చెయ్యి అంగుల్‌లో నేర్చిన చెయ్యి.

సభ మొదలయ్యే ముందు బయట కాఫీ తాగుతుంటే ఒక హేచరీ యజమాని నా దగ్గరకొచ్చారు. "మహసీరు అంతరించిపోతోందంటున్నారు కదండీ. తల్లి చేపల్ని తెచ్చి మా చేతికివ్వండి. రెండేళ్లలో ఎన్ని లక్షల పిల్ల కావాలో అంత తీసి పెడతాం" అన్నారు. ఆయన ఇక్కడే ఉన్నారు. ఆ మాటలోని ఔదార్యం నన్ను కదిలించింది. దానికి అక్కడికక్కడే జవాబు చెప్పలేకపోయాను. ఈ ఉపన్యాసం ఆయనకు జవాబు.

1. తుంగ మెట్ల మీద

శృంగేరి వెళ్లిన వాళ్లు మీలో చాలామంది ఉంటారు. గుడి వెనక మెట్లు దిగి తుంగ ఒడ్డుకు వెళ్తే నీళ్లు నల్లగా కదులుతుంటాయి. అవి నీళ్లు కావు, చేపల వీపులు. గుప్పెడు బొరుగులు చల్లితే చేప మీద చేప ఎక్కి వస్తాయి. మొదటిసారి చూసినప్పుడు నేను మెట్టు మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. దళసరి పెదవులు, పెదవి అంచున వేలాడే మీసాలు, రూపాయి బిళ్ల కంటే పెద్ద పొలుసులు. అక్కడ కనిపించే చేపల్లో మహసీరు ముఖ్యమైనది. దేవుడి చేప అని ఎవరూ పట్టరు.

ఆ తుంగే భద్రతో కలిసి తుంగభద్రై మంత్రాలయం మీదుగా, కర్నూలు మీదుగా వచ్చి కృష్ణలో కలుస్తుంది. అంటే అది మన ఏటి చేప. నీలిరెక్క మహసీరు అనే టోర్ ఖుద్రీకి 1839లో సైక్స్ పేరు పెట్టింది కూడా పుణె దగ్గరి ముఠా-ములా నదిలో దొరికిన చేపను చూసి. ఆ నీళ్లు భీమలోకి, భీమ కృష్ణలోకి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

మహసీరు ఒకటి కాదు, ఒక కుటుంబం. హిమాలయాల దిగువన బంగారు మహసీరు ఉంది. అది ప్రపంచ రెడ్ లిస్టులో ఆపదలో ఉన్న జాతి. కావేరిలో మూపురం మహసీరు ఉంది. అన్నిటి నడతా ఒకటే. ఎండాకాలం లోతు మడుగుల్లో గడిపి, వాన పడగానే ఏటికి ఎదురీది, పైనున్న చిన్న వాగుల్లో గులకరాళ్ల మీద గుడ్డు పెడతాయి. దారికి అడ్డంగా ఆనకట్ట వస్తే ప్రయాణం అక్కడే ఆగిపోతుంది. ఇసుక, గులక తవ్వుకుపోతే పురిటిల్లు పోయినట్టే. మందుగుండు పేలిస్తే మడుగులో పిల్లా తల్లీ ఒకేసారి తేలతాయి. ఇవి మీకు తెలిసిన బాధలే, వీటిమీద ఆగను.

2. సగ్గుబియ్యం, నిమ్మపండు

శీలావతి గుడ్డు నీళ్లు పీల్చి ఉడికిన సగ్గుబియ్యంలా ఉబ్బుతుంది. గుండ్రటి తొట్టిలో నీళ్లు తిరుగుతుంటే దాంతోపాటు తిరుగుతుంది. పధ్నాలుగు, పద్దెనిమిది గంటల్లో పిల్ల బయటికొస్తుంది. తల్లి బరువు కిలోకి లక్షల గుడ్లు. పది శాతం పోయినా మీరు వెనక్కి తిరిగి చూడరు.

మహసీరు గుడ్డు వేరు. నిమ్మపండు రంగు, రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్ల మందం, నీళ్లలో మునిగి అడుగున కూర్చుంటుంది. కిలో బరువుకు వేలల్లోనే. పొదగడానికి మూడు రోజులు, నీళ్లు చల్లగా ఉంటే ఇంకా ఎక్కువ. భీమ్‌తాల్ హేచరీలో బంగారు మహసీరు గుడ్లను నేను దగ్గరగా చూశాను. పళ్లెం లాంటి పలచని ట్రేలో ఒక పొరగా పరిచి, వాటి మీదుగా సన్నటి ధార పారిస్తున్నారు. ఒకాయన ముక్కాలిపీట మీద కూర్చుని డ్రాపర్‌తో చచ్చిన గుడ్లను ఒక్కొక్కటే ఏరుతున్నాడు. బతికిన గుడ్డు కాంతి చొరబడేలా పచ్చగా మెరుస్తుంది, చచ్చినది సున్నంలా తెల్లబడుతుంది. ఒకదాన్ని వదిలేస్తే దాని బూజు పక్కనున్న పదింటికి పాకుతుంది. ఆయన ఆ పూటంతా తల ఎత్తలేదు. ఆ ఓపిక లేకుండా మహసీరు లేదు.

పొదిగిన పిల్లలు ఈదవు. పొట్ట కింద సొనసంచి బరువుతో అడుగున పడుకుంటాయి. వెలుగంటే భయం. తొట్టి మూలల్లో గుంపుగా తలలు దూర్చి, తోకలు మాత్రం ఆడిస్తుంటాయి. కొత్తవాళ్లు చూస్తే ఏదో జబ్బు చేసిందనుకుంటారు. జబ్బు కాదు, ఏటి అడుగున గులకరాళ్ల సందుల్లో దాక్కునే బుద్ధి అది. సిమెంటు తొట్టిలో పుట్టినా మొదటి రోజుల్లో ఆ బుద్ధి ఉంటుంది. అది ఎంతకాలం నిలుస్తుందన్నది తర్వాత చెబుతాను.

ఈ విద్యను మన దేశంలో గట్టి పునాది మీద నిలబెట్టిన చోటు లోనావాలా. టాటా జలవిద్యుత్తు కంపెనీకి అక్కడ వల్వన్ చెరువు ఉంది. 1970ల్లో సి. వి. కుల్కర్ణి, ఎస్. ఎన్. ఓగలే గార్లు అక్కడ ఆడ మహసీరు పొట్ట నిమిరి గుడ్డు తీసి, మగదాని పాలు కలిపి, నీలిరెక్క పిల్లను పుట్టించారు. తడిపిన దూది పొరల మధ్య గుడ్లు పేర్చి దూర ప్రాంతాలకు పంపవచ్చని కూడా చూపించారు. నీళ్లు లేకుండా, దూది తడితో, గుడ్డు రోజుల తరబడి బతికి గమ్యం చేరుతుంది. చేపల విద్యలో ఇంత అందమైన కిటుకు నేను ఇంకొకటి చూడలేదు.

3. కావేరిలో ఏం జరిగింది

ఇప్పుడు నా మాటకు గుండెకాయ లాంటి చోటికి వచ్చాను. కాస్త నెమ్మదిగా చెబుతాను.

కావేరిలో ఒక మహసీరు ఉండేది. తల వెనక నుంచి వీపు ఎద్దు మూపురంలా పైకి లేస్తుంది. గాలం వేసే దొరలు దానికోసం సముద్రాలు దాటి వచ్చారు. 1873లో హెచ్. ఎస్. థామస్ మన నదుల్లో గాలం వేట గురించి పుస్తకం రాసిన నాటి నుంచి అది లోకప్రసిద్ధం. 1946లో మైసూరు వాన్ ఇంగెన్ సోదరుల్లో ఒకాయన కబినిలో 120 పౌండ్ల చేపను ఒడ్డుకు లాగారు. అంటే 54 కిలోలు. మన ఊళ్లో తూకం వేసే బియ్యం బస్తా కంటే బరువు.

అంత పెద్ద చేప. ఫొటోలు ఉన్నాయి, కొలతలు ఉన్నాయి, కథలున్నాయి. శాస్త్రం ప్రకారం దానికి ఖాయమైన పేరు మాత్రం లేదు. చాలాకాలం దాన్ని ముస్సుల్లా అన్నారు. తీరా చూస్తే ముస్సుల్లా వేరే చేప, మహసీరే కాదు. పేరు తేలకుండానే ఏళ్లు గడిచాయి.

ఈలోగా నదిలో చేప తగ్గుతోందని అందరికీ తెలుస్తూనే ఉంది. లోనావాలాలో మహసీరు పిల్ల సమృద్ధిగా దొరుకుతోంది. తెచ్చి కావేరిలో వదిలారు. ప్రభుత్వ శాఖలు, చేపల మీద ప్రేమ ఉన్న సంఘాలు, అందరూ మంచి మనసుతోనే చేశారు. మహసీరు తగ్గింది, మహసీరును వదిలాం. ఇందులో తప్పేముందని ఆ రోజు నన్నడిగితే నేనూ ఏమీ లేదనే చెప్పేవాణ్ణి.

కానీ వదిలినది నీలిరెక్క. కృష్ణ ఏటి చేప.

కావేరి ఒడ్డున గాలిబోరె దగ్గర గాలం శిబిరంలో పట్టిన ప్రతి చేపనూ తూకం వేసి, రాసుకుని, తిరిగి నీళ్లలో వదిలేవారు. ఆ పుస్తకాల్లో 1998 నుంచి 2012 దాకా ఉన్న లెక్కల్ని పరిశోధకులు ఏడ్రియన్ పిండర్, రాజీవ్ రాఘవన్, రాబర్ట్ బ్రిటన్ తిరగేసి 2015లో ప్రచురించారు. మొత్తం మహసీరు పట్టు పెరిగింది. పై లెక్క చూస్తే నది కోలుకుందనే అనిపిస్తుంది. రెక్క రంగును బట్టి విడదీస్తే, పెరిగినదంతా నీలిరెక్క. మూపురం చేప ఏటేటా తరిగిపోయింది. ఇంకో సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు. దొరికిన కొద్ది మూపురం చేపల సగటు బరువు ఏటికేడు పెరుగుతూ వచ్చింది. బరువు పెరిగితే మంచిదే కదా అనుకోకండి. పిల్లలు పుట్టడం లేదు, ఉన్నవి ముసలివవుతున్నాయి. వలస పోగా వృద్ధులే మిగిలిన పల్లెలో సగటు వయసు ఎలా పెరుగుతుందో, అలా.

2018లో ఆ చేప పేరు తేలింది. మోయార్ నదిలో దొరికిన చేపల ఒళ్లు కొలిచి, డీఎన్‌ఏ పోల్చి, అంతకు ముందే కేరళలోని పాంబార్ నుంచి కురుప్, రాధాకృష్ణన్ గార్లు వర్ణించిన టోర్ రెమాదేవీయే ఇదని నిరూపించారు. పాంబార్ కూడా కావేరిలో కలిసే ఏరే. జూలాజికల్ సర్వే శాస్త్రవేత్త రెమాదేవి గారి గౌరవార్థం పెట్టిన పేరది. అదే ఏడు అది రెడ్ లిస్టులో చేరింది, అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల వరసలో. పేరు పెట్టేసరికి పాడె దగ్గరకు వచ్చింది.

నీలిరెక్క రాకే దీనికంతటికీ ఒక్క కారణమని నేను అనను. 1934లో కట్టిన మేట్టూరు ఆనకట్ట ఉంది, కృష్ణరాజసాగరం ఉంది, దొంగ వేట ఉంది, ఇసుక ఉంది. కానీ అప్పటికే ఇరుకైపోయిన ఇంట్లోకి, అదే తిండి తినే, అదే మడుగులో ఉండే చుట్టాన్ని వేల సంఖ్యలో మనమే తెచ్చి దింపాం. ఇక కుల్కర్ణి గారి పని గొప్పతనం దీనివల్ల ఒక్క వీసమూ తగ్గదు. నీలిరెక్క ఒకప్పుడు రెడ్ లిస్టులో ఆపదలో ఉన్న చేప. ఇప్పుడు ఆందోళన అక్కర్లేని వరసలోకి వచ్చింది. తప్పు పుట్టించడంలో లేదు. ఈ పిల్ల ఏ ఏటిదని అడగకుండా వదలడంలో ఉంది.

4. రైతు గుణం, ఏటి గుణం

హేచరీల మిత్రులారా, ఇక్కడ మీకు కాస్త కష్టం కలిగించే మాట చెప్పాలి. మీ వృత్తిలో ఏవి సుగుణాలో, ఆపదలో ఉన్న చేప దగ్గర అవే దోషాలవుతాయి.

త్వరగా పెరిగేదాన్ని మీరు తల్లి చేపగా ఎంచుకుంటారు. అలాగే చెయ్యాలి. 1992లో భువనేశ్వర్ దగ్గరి సీఫా పరిశోధన సంస్థలో నార్వే శాస్త్రవేత్తలతో కలిసి జయంతి అనే శీలావతి రకాన్ని మొదలుపెట్టినప్పుడు గంగ, యమున, గోమతి, సట్లెజ్, బ్రహ్మపుత్ర, అయిదు నదుల చేపల్ని కలిపారు. కలపడమే బలం. తరానికి సగటున 17 శాతం ఎదుగుదల సాధించారు. మీ చెరువులకు అది వరం. మహసీరుకు అదే పని చేస్తే ఒక నదికి తగ్గట్టు వేల ఏళ్లుగా రూపుదిద్దుకున్న గుణమంతా ఒకే గిన్నెలో కరిగిపోతుంది.

మీరు నాలుగు ఆడచేపలకు గుడ్డు తీసి, నాలుగైదు మగచేపల పాలు ఒకేసారి కలుపుతారు. ఏ మగచేప పాలు చురుగ్గా ఉంటే దాని పిల్లలే ఎక్కువ వస్తాయి, మిగతావాటి వంశం ఆ గిన్నెలోనే ఆగిపోతుంది. మళ్లీ ఆ పిల్లల్లోంచే తల్లుల్ని తీస్తే రెండు మూడు తరాల్లో తొట్టినిండా అన్నదమ్ములే, అక్కచెల్లెళ్లే. ఇది ఊహ కాదు. కర్ణాటక కార్పు హేచరీల గురించి పరిశోధకులు ఏక్‌నాథ్, డాయిల్ 1990లోనే హెచ్చరించారు.

ఇక ఆ మూల తలదూర్చిన పిల్ల సంగతి. అమెరికాలో ఒరెగాన్ రాష్ట్రపు హుడ్ నదిలో స్టీల్‌హెడ్ అనే చేపను హేచరీలో పెంచి వదిలేవారు. అరాకి, కూపర్, బ్లూయిన్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, తొట్టిలో పెరిగిన తరం ఒక్కొక్కటి గడిచేకొద్దీ నదిలో సంతానం కనే శక్తి దాదాపు 40 శాతం చొప్పున పడిపోతోందని తేలింది. ఎందుకలా? తొట్టిలో కొంగ లేదు. మేత పైనుంచి పడుతుంది. ముందు ఎగబడేది బతుకుతుంది, మూలన దాక్కునేది సన్నబడుతుంది. ఏటిలో సరిగ్గా తలకిందులు. మనం ఎవరినీ ఎంచుకోకపోయినా తొట్టి ఎంచుకుంటూనే ఉంటుంది.

అందుకని ఈ పని చేసేచోట పద్ధతి వేరుగా ఉండాలి. ఒక తల్లి గుడ్లను నాలుగు గిన్నెల్లో పంచి, ఒక్కో గిన్నెలో ఒక్కో మగచేప పాలు విడిగా కలపాలి. ప్రతి జంట పిల్లల్నీ లెక్కపెట్టి సమానంగా ఉంచుకోవాలి, ఒక జంట పిల్ల విరివిగా వచ్చిందని సంబరపడకూడదు. ప్రతి తల్లి చేప ఒంట్లో బియ్యపుగింజంత చిప్ ఉండాలి, రెక్క చివర ముక్క తీసి డీఎన్‌ఏకు పంపాలి. తొట్టిలో గులకరాళ్లు, నీడ, ఎదురుధార ఉండాలి. తల్లులు సాధ్యమైనంత వరకు ఏటి నుంచే రావాలి. మీ హేచరీలో ఒకరోజు పని ఇక్కడ పదిరోజులు పడుతుంది, పిల్ల మాత్రం పదోవంతు వస్తుంది. దీన్ని నష్టమని రాసుకోకండి.

5. వేలెడంత చేప

ఇదంతా వింటే ఇక ఎవరూ ఈ పనికి పూనుకోరేమోనని నాకూ భయమే. అందుకే ఒక చిన్న చేప కథ.

మెక్సికోలో తెవుచిత్లాన్ ఊరి ఊటల్లో టెకీలా చేప ఉండేది. వేలెడంత. గుడ్డు పెట్టదు, పిల్లల్ని కంటుంది. ఏరు పాడై, బయటి చేపలు చేరి, అక్కడ పూర్తిగా పోయింది. 1998లో ఇంగ్లాండులోని చెస్టర్ జూ నుంచి అయిదు జంటలు మెక్సికోలోని మిచోవాకాన విశ్వవిద్యాలయానికి చేరాయి. అక్కడివాళ్లు వాటిని పదిహేనేళ్లు సాకారు. తర్వాత నేరుగా ఏట్లో వదల్లేదు. 40 జంటలను ముందు బయటి చెరువుల్లోకి మార్చారు. అక్కడ పక్షులుంటాయి, పురుగులుంటాయి, ఒకరోజు తిండి ఉంటే ఒకరోజు ఉండదు. నాలుగేళ్లలో అవి పదివేల దాకా అయ్యాయి. అప్పుడు 1,500 చేపల్ని వాటి సొంత ఊటలోకే వదిలారు. ఊరి వాళ్లను, బడి పిల్లలను వెంట పెట్టుకుని నీళ్లు పరీక్షించడం నేర్పారు. చేప నిలదొక్కుకుంది, ఊటలో పిల్లలు పెడుతోంది.

ఆ ఊట ముందు బాగుపడింది గనక చేప తిరిగొచ్చింది. ఈ వరస మారకూడదు.

6. కాఫీ దగ్గర అడిగిన ప్రశ్న

అయ్యా, మీరడిగినదానికి వచ్చాను. మహసీరు పిల్ల మీరు తీయగలరా? తీయగలరు. ఈ జిల్లాలో ఉన్న చేతినేర్పు దేశంలో మరెక్కడా లేదని నేను నమ్ముతాను. కానీ రెండు షరతులు. కావేరి మూపురం చేపను ఇక్కడికి తెమ్మని నన్నడగకండి, నేను తేను. దాని పని కావేరి గట్టునే, కావేరి నీళ్లతోనే జరగాలి. బంగారు మహసీరు పిల్లను కూడా ఎవరైనా విమానంలో తెచ్చి ఇస్తామంటే కృష్ణలోనో గోదావరిలోనో వదలకండి. కావేరిలో చేసినదే మళ్లీ చేసినట్టవుతుంది. మనకు మన నదుల చేపలున్నాయి. ముందు అవి ఎక్కడెక్కడ మిగిలాయో, ఏ వాగు చేప ఏ వాగు చేపకు దగ్గరో చూడాలి. ఆ పనికి తొట్లు అక్కర్లేదు. రెక్క ముక్కలు దాచే చిన్న సీసాలు, స్పిరిట్, ఓపికగల కుర్రవాళ్లు చాలు. ముందు వరసలోకి వచ్చి కూర్చున్న మీరే.

ఆ తర్వాత కూడా తొట్టి కట్టేముందు ఒక రూళ్ల పుస్తకం కొనండి. దాంట్లో గడులు గీసుకోండి. తల్లి నంబరు, తండ్రి నంబరు, గుడ్డు తీసిన తేదీ, నీళ్ల వేడి, చచ్చిన గుడ్లు, ఇవన్నీ ఉండాలి. మొదటి గడిలో మాత్రం ఏటి పేరు రాయండి, ఏ వాగు, ఏ మడుగు అన్నంత వివరంగా. చేప పేరు రెండో గడి. మొదటి గడి ఖాళీగా ఉన్న చేపకు సూది వెయ్యకండి.

వానలు పడ్డాక నేను ఎగువకు వెళ్తున్నాను. మీరూ బయలుదేరతానంటే చెప్పండి, జీపులో ఇద్దరికి చోటుంది.